మెజెస్టిక్‌లో కాపురం: బెంగళూరు గాంధీనగర్, పేటల్లో మన తెలుగు ఇళ్లు

మెజెస్టిక్ అనేది ఒక సినిమా హాలు పేరు. ఆ హాలు ఎప్పుడో పోయింది. పేరు మాత్రం బస్‌స్టాండుకూ, దాని చుట్టూ ఉన్న వీధులకూ, ఇప్పుడు మెట్రో జంక్షనుకూ అంటుకుని ఉండిపోయింది. చింతామణిలో గాని, బాగేపల్లిలో గాని బస్సెక్కి "ఒక మెజెస్టిక్" అంటే కండక్టరు టికెట్టు ఇచ్చేస్తాడు. బెంగళూరు అని విడిగా చెప్పే పని లేదు.

మనలో చాలామందికి అది ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కే చోటు. అక్కడే ఇల్లు పెట్టుకుని, పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు చేసి, మనవలతో ఉన్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. గాంధీనగర్, ఉప్పారపేట, కాటన్‌పేట, బళేపేట, చిక్కపేట, సుబేదార్ ఛత్రం రోడ్డు వెనక సందులు, అటు శేషాద్రిపురం దాకా ఈ ఇళ్లు పరుచుకుని ఉంటాయి. వాళ్ల బంధువులంతా మన మూడు తాలూకాల్లోనే. ఇప్పుడు ఆ ఇళ్లలో చాలావాటికి ఖాళీ చేయమన్న మాట వస్తోంది. మా సంఘానికి వచ్చే ఫోన్లలో ఈ సంగతే ఎక్కువ. అందుకని ఆ పేట ఎలా ఏర్పడింది, అక్కడ బతుకు ఎలా సాగుతుంది, ఇల్లు పట్టేవాళ్లు ఏ కాగితాలు చూసుకోవాలి అన్నది ఒకచోట రాసి పెడుతున్నాను.

చెరువు మీద బస్‌స్టాండు

కెంపేగౌడ 1537లో కట్టించిన బెంగళూరు పేట అంచున ధర్మాంబుధి అనే చెరువు ఉండేది. పేట జనానికి నీళ్లు అక్కడివే. 1890ల్లో హెసరఘట్ట నుంచి గొట్టాల ద్వారా నీళ్లు రావడంతో చెరువు అవసరం తగ్గింది, పట్టించుకునేవాళ్లూ తగ్గారు. అది మెల్లగా ఎండి మైదానమైంది. నేటి కెంపేగౌడ బస్‌స్టాండు ఉన్నది ఆ చెరువు నేల మీదే. పక్కనున్న రోడ్డును ఇప్పటికీ ట్యాంక్ బండ్ రోడ్డు అనే అంటారు. ట్యాంకు ఏదీ అని అడిగిన పిల్లలకు బస్సులను చూపించాల్సిందే.

ఆ దగ్గర్లోనే అణ్ణమ్మ దేవి గుడి ఉంది. బెంగళూరుకు గ్రామదేవతగా పేరున్న తల్లి. నగరంలోని పేటలవాళ్లు అమ్మవారి ఉత్సవమూర్తిని తమ వీధికి పిలిపించుకుని, పందిరి వేసి, రాత్రికి ఆర్కెస్ట్రా పెట్టిస్తారు. మన ఊళ్లలో గంగమ్మకు, మారెమ్మకు చేసే జాతర తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. ఆర్కెస్ట్రా శబ్దమే కాస్త ఎక్కువ.

పేట వీధుల పేర్లు వ్యాపారాల మీద వచ్చినవి. కన్నడంలో బళె అంటే గాజు, అక్కి అంటే బియ్యం. బళేపేటలో ఇప్పుడు సంగీత వాద్యాల అంగళ్లు ఉన్నాయి. మన పల్లెల్లో కురుక్షేత్రం, హరిశ్చంద్ర నాటకాలు ఆడే బృందాలవాళ్లకు కొత్త హార్మోనియం కావాలన్నా, పాతదానికి రీడ్లు మార్చాలన్నా ఆ వీధి బాగా తెలుసు. చిక్కపేటలో పట్టుచీరలు. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టులో అమ్ముడైన పట్టుగూడు దారమై, చీరై, చివరికి చేరే చోట్లలో ఇదొకటి. తెలుగు మాట్లాడే నేత కుటుంబాలూ, వర్తక కుటుంబాలూ ఈ పేటల్లో తరాల నుంచి ఉన్నాయి. సినిమా వచ్చి తెలుగువాళ్లను అక్కడికి తెచ్చిందని కొందరనుకుంటారు. వాళ్లు అంతకు ముందే ఉన్నారు.

మద్రాసు నుంచి రైలు 1864లో బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చింది. తర్వాత పేట పక్కనే సిటీ స్టేషను వెలసింది. స్టేషను ఎదురుగా గుబ్బి తోటదప్ప ఛత్రం కట్టించారు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. ఊరికి కొత్తగా వచ్చినవాడికి తలదాచుకునే చోటు, పక్కనే రైలు, ఆ పక్కనే సంత, కోర్టు, ఆసుపత్రి. కోలారు జిల్లా నుంచి (చిక్కబళ్లాపురం విడి జిల్లా అయింది 2007లో కదా) వ్యాజ్యానికో, సరుకుకో, చదువుకో వచ్చినవాడు మొదట ఛత్రంలో, తర్వాత తెలిసినవాళ్ల గదిలో, ఆ తర్వాత సొంత బాడుగ ఇంట్లో ఉండటం ఇలాగే మొదలైంది.

దూరం కూడా ఒక కారణం. మెజెస్టిక్ నుంచి చిక్కబళ్లాపురం సుమారు 60 కిలోమీటర్లు, చింతామణి 75, బాగేపల్లి 100. పొద్దున్న ఊళ్లో నీళ్లు కట్టి, మధ్యాహ్నానికి బెంగళూరు చేరి, రాత్రికి మళ్లీ పొలం చూసుకోగల దూరం. ఊరిని వదలకుండానే నగరంలో కాపురం పెట్టడం దీనివల్లే కుదిరింది.

నాటకం, టాకీ, కటౌటు

ఈ పేటకు వినోదం నాటకాలతో వచ్చింది. మన వైపు కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి సమాజం ఎలాంటిదో, కన్నడ దేశానికి గుబ్బి వీరణ్ణ కంపెనీ అలాంటిది. 1934లో బెంగళూరులో ఆడిన కురుక్షేత్రం నాటకంలో వీరణ్ణ నిజం ఏనుగులనూ గుర్రాలనూ రంగం మీదికి తెచ్చాడు. అదే ఏడాది మార్చి 3న మొదటి కన్నడ టాకీ 'సతీ సులోచన' సిటీ మార్కెట్ దగ్గరున్న పారమౌంట్ థియేటర్లో విడుదలైంది. దాని దర్శకుడు వై.వి. రావు, అంటే యరగుడిపాటి వరదరావు, నెల్లూరు తెలుగువాడు. ఈ మాట చెబితే మన పిల్లలు నమ్మరు, కన్నడ స్నేహితులు నవ్వుతూ ఒప్పుకుంటారు.

ఆ తర్వాత నలభై, యాభై ఏళ్లలో కెంపేగౌడ రోడ్డు, దాని పక్క వీధులు థియేటర్లతో నిండిపోయాయి. మెజెస్టిక్, సాగర్, స్టేట్స్, హిమాలయ, ప్రభాత్, మేనక, త్రివేణి, అనుపమ, అలంకార్, గీత, కల్పన, మూవీల్యాండ్. సంతోష్, నర్తకి, సప్న మూడూ ఒకే ప్రాంగణంలో. సుబేదార్ ఛత్రం రోడ్డులో 1968లో తెరిచిన కపాలి 1,465 సీట్ల హాలు. దాన్ని చూడటానికే ఊళ్ల నుంచి వచ్చేవారు, ఏ బొమ్మ ఆడుతోందన్నది తర్వాతి సంగతి. కన్నడ సినిమా నిర్మాణం మద్రాసు నుంచి బెంగళూరుకు తరలి వచ్చాక పంపిణీదారుల ఆఫీసులు గాంధీనగర్‌లో గుమిగూడాయి. పత్రికలవాళ్లు "గాంధీనగర్" అని రాస్తే కన్నడ సినిమా పరిశ్రమ అని అర్థం. విచిత్రమేమంటే విజయవాడలో తెలుగు సినిమా పంపిణీదారుల పేట పేరు కూడా గాంధీనగరమే.

థియేటర్లంటే తెర మీద కనిపించేవాళ్లే గుర్తొస్తారు గాని, ఆ వీధుల్లో ఇళ్లు గడిచింది వేరే పనులతో. ఆపరేటరు, గేటు దగ్గర టికెట్టు చింపేవాడు, సైకిల్ స్టాండు, క్యాంటీను, రాత్రి రెండు గంటలకు మైదా జిగురు బకెట్టుతో పోస్టర్లు అంటించేవాడు. వాళ్లకు తోడు లాడ్జీల గుమాస్తాలు, మెస్సుల్లో వంటవాళ్లు. అరిటాకు వేసి, పప్పు, గోంగూర, నెయ్యి వడ్డించే ఆంధ్రా మెస్సు బెంగళూరుకు అలవాటైంది ఇలాంటి పేటల్లోనే. రాగిముద్ద తిని పెరిగిన మనవాళ్లు "ఆంధ్రా భోజనం" వండి పేరు తెచ్చుకోవడం నాకు ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది.

ఇప్పుడు పరిస్థితి మారిపోయింది. మెజెస్టిక్ హాలు లేదు. కపాలి 2017లో మూతపడి, నేలమట్టమైంది. సాగర్, అలంకార్, హిమాలయ, ప్రభాత్ పేర్లు నలభై దాటినవాళ్లకే గుర్తు. త్రివేణి, సంతోష్, అనుపమ లాంటివి కొన్ని ఇంకా ఒంటి తెరతో నిలబడి ఉన్నాయి. 2016 ఏప్రిల్‌లో ఒక మెట్రో మార్గం, 2017 జూన్‌లో రెండోది మెజెస్టిక్ కింద కలిశాక నేల ధర ఇంకా పెరిగింది. ఒక థియేటరు పోయిన చోట దుకాణాల సముదాయం లేస్తుంది. దాని వెనక ఉన్న వఠారం యజమాని కూడా ఇక లాడ్జి కట్టుకుందామనుకుంటాడు. మనవాళ్ల ఇళ్లకు ముప్పు వస్తున్నది ఈ దారిలోనే.

తెలుగు బొమ్మ, కన్నడ వీధి

మన ఊళ్లలో తెలుగు ఇంట్లోనూ ఉంది, సంతలోనూ ఉంది. కైవారం తాతయ్య తత్వాలు తెలుగులో కూడా చెప్పారు. మెజెస్టిక్‌లో అలా కాదు. ఇంటి గడప దాటితే కన్నడం, నాలుగడుగులు వేస్తే తమిళం, ఉర్దూ, మార్వాడీ. అక్కడ పెరిగిన పిల్లలకు తెలుగు నిలిచిందంటే అందులో సగం పుణ్యం సినిమా హాళ్లదే.

దానికి ఒక చరిత్ర ఉంది. 1960ల నుంచి ఇతర భాషల సినిమాలను కన్నడంలోకి డబ్ చేయకూడదన్న ఉద్యమం కర్ణాటకలో గట్టిగా నిలబడింది. దాంతో తెలుగు సినిమా ఇక్కడికి వస్తే తెలుగులోనే వచ్చింది. 1978లో బాలచందర్ తీసిన 'మరో చరిత్ర' డబ్బింగు లేకుండానే బెంగళూరులో ఏడాదికి పైగా ఆడింది. చూసినవాళ్లలో తెలుగు రానివాళ్లే ఎక్కువమంది. అంతకు ముందు 1954లో హెచ్.ఎల్.ఎన్. సింహా ఒకే కన్నప్ప కథను కన్నడంలో 'బేడర కణ్ణప్ప'గా, తెలుగులో 'కాళహస్తి మాహాత్మ్యం'గా తీశారు. రెండింటిలోనూ రాజ్‌కుమారే. ఆయన నటించిన తెలుగు సినిమా అదొక్కటే.

సఖ్యతే కాదు, చిక్కులూ వచ్చాయి. 2004లో కర్ణాటక ఫిల్మ్ ఛాంబరు పరభాషా చిత్రాలు ఏడు వారాలు ఆగి విడుదల కావాలని తీర్మానించింది. 2017లో 'బాహుబలి' రెండో భాగానికి నటుడు సత్యరాజ్ కావేరి మాటల వల్ల అడ్డంకి వచ్చి, ఆయన విచారం చెప్పాక తీరింది. అలాంటి రోజుల్లో పోస్టరు చిరిగేది, అద్దం పగిలేది ఆ వీధిలోనే. హైదరాబాదులో ఉన్న నిర్మాతకు అది వార్త. థియేటరు పక్కసందులో ఉన్న తెలుగు ఇంటికి మాత్రం మరునాడు అదే కూరగాయల బండి దగ్గర, అదే మనుషుల మధ్య నిలబడాల్సిన సంగతి. ఆ ఇళ్లవాళ్లు దీన్ని చాలా నేర్పుగా దాటుకొచ్చారు. రాజ్యోత్సవానికి మొదటి చందా మనవాళ్లదే ఉంటుంది, పిల్లలు కన్నడంలో భాషణ పోటీలు గెలుస్తారు, ఉగాది రెండిళ్లకూ ఒకటే. దీన్ని భయం అనేవాళ్లున్నారు. నాకైతే అది ఇరుగుపొరుగు మర్యాదగానే కనిపిస్తుంది.

2015లో కాంపిటిషన్ కమిషన్ డబ్బింగును అడ్డుకోవడం తప్పని చెప్పాక పరిస్థితి తిరగబడింది. ఇప్పుడు పెద్ద తెలుగు సినిమాలు కన్నడంలోనూ వస్తున్నాయి. 2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' విడుదలకు ముందు పెద్ద సభ పెట్టింది మన చిక్కబళ్లాపురం దగ్గరే. కర్ణాటక ముఖ్యమంత్రి వచ్చారు, శివరాజ్‌కుమార్ వచ్చారు. బాగుంది. కానీ మెజెస్టిక్ పిల్లాడికి తెలుగు వినే ఒక్క చోటు కూడా ఇలా కొంత తగ్గింది. చెవికి తెలుగు వచ్చి, కంటికి రాని తరం అది. తాత రాసిన ఉత్తరం చదవలేరు. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలంటుంది. అడిగే తల్లిదండ్రులు ఉంటేగా! మన తాలూకాల్లోనే అడిగేవాళ్లు తగ్గిపోయారు, ఇంక గాంధీనగర్‌లో ఏం అడుగుతారు? వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితివారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం దగ్గర్లోనే ఉంది. అక్కడి కార్యక్రమాలకైనా పిల్లలను వెంటబెట్టుకుపోతే మేలు.

మెస్సులు, అంగళ్లు నడిపేవాళ్లకు ఒక మాట. బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్ట సవరణ వచ్చింది. కన్నడం పైన, పెద్దగా రాయించండి. మిగిలిన చోట తెలుగు రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

వఠారంలో రోజు

బయటివాళ్లకు మెజెస్టిక్ సాయంత్రం మొదలవుతుంది. అక్కడ ఉండేవాళ్లకు తెల్లవారుజామున నాలుగుకే, రాత్రి బస్సులు దిగే వేళకు. లాడ్జి ముందు ఆటోల బేరాలు, టీ బండ్ల స్టవ్వులు, పూల మూటలు. పెద్ద హీరో సినిమా విడుదలైతే కటౌటుకు పాలాభిషేకం, డప్పులు, టపాసులు. పరీక్షలున్న పిల్లలకు అదొక శిక్ష.

శబ్దం గురించి నిబంధన ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకు వాడకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. మితిమీరితే 112కు ఫోన్ చేయవచ్చు. ఉప్పారపేట పోలీస్ స్టేషను దగ్గరే. అక్కడివాళ్లు నిజానికి చేసేది ఏమిటంటే, ఉత్సవ కమిటీలో తమవాడినొకణ్ణి ఉంచుకుని, పదిన్నరకు మైకు తగ్గించమని వాడి చేత చెప్పించడం. ఎక్కువసార్లు అదే పనిచేస్తుంది.

ఆ పేటకు చెడ్డపేరు కూడా ఉంది, దాచి లాభం లేదు. జేబులు కొట్టేవాళ్లు, గది చూపిస్తామని మోసం చేసేవాళ్లు, రాత్రి కొన్ని సందుల్లో నడవలేని పరిస్థితి. ఆడపిల్లను అక్కడికి కోడలిగా పంపడానికి ఊళ్లోవాళ్లు వెనకాడతారు. కాపురమున్న ఆడవాళ్లు చెప్పేది వేరు. అన్నివేళలా వెలుతురు, మనుషులు ఉండే వీధి కాబట్టి ఊరి చివర కొత్త లేఅవుట్లలో కంటే ఇక్కడే ధైర్యం అంటారు. రాత్రి ఎనిమిదికి ట్యూషను నుంచి వచ్చే పిల్ల ఎవరి బిడ్డో పూలమ్మే ఆవిడకూ, జిరాక్సు అంగడివాడికీ తెలుసు.

వఠారం అంటే నడుమ వాకిలి, చుట్టూ ఒక గది, వంటిల్లు ఉన్న ఇళ్లు, అందరికీ ఒక కొళాయి. నీళ్లు వచ్చే వేళకు బిందెల వరస, ఆ వరసలోనే ఊరి కబుర్లు. 2023 జూన్ 11న శక్తి పథకం మొదలయ్యాక కర్ణాటక ఆడవాళ్లకు సాధారణ ప్రభుత్వ బస్సుల్లో టికెట్టు లేదు. బాగేపల్లి నుంచి అవ్వలు పచ్చిమిరపకాయలు, చింతపండు, సెనక్కాయలు మూటకట్టుకుని వారానికోసారి మనవళ్లను చూసిపోతున్నారు. అయితే మదనపల్లె వెళ్లే ఆంధ్ర బస్సు చింతామణి మీదుగానే పోతుంది గదా అని ఎక్కితే టికెట్టు కొనాల్సిందే, గుర్తుంచుకోండి.

లీజుకు వేసే డబ్బు

ఇది అన్నిటికంటే ముఖ్యం. బెంగళూరులో బాడుగకు బదులు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, రెండు మూడేళ్లు బాడుగ లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది. లీజు అంటారు, పాతవాళ్లు భోగ్యం అంటారు. ఊళ్లో ఎకరా అమ్మిన డబ్బో, పదవీ విరమణ డబ్బో ఇలా పెట్టి కాపురం పెట్టినవాళ్లు పేటల్లో చాలామంది. నెలనెలా బాడుగ బాధ లేదని సుఖంగా ఉంటారు. యజమాని ఇల్లు అమ్మినప్పుడు, లేదా బ్యాంకువాళ్లు తలుపు మీద నోటీసు అంటించినప్పుడు కష్టం తెలుస్తుంది.

నేను ఉద్యోగమంతా కాగితాల మధ్య గడిపినవాణ్ణి, అందుకని కాస్త విడమర్చి చెబుతాను. మన దగ్గర ఎక్కువగా జరిగేది నోటరీ చేసిన స్టాంపు కాగితం మీద ఒప్పందం. ఏడాదికి మించిన లీజు పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అందుకే బాడుగ ఒప్పందాలు 11 నెలలకు రాస్తారు. ఇక భోగ్యం అంటే చట్టం దృష్టిలో స్వాధీన తనఖా కావచ్చు. వంద రూపాయలకు పైబడిన అలాంటి తనఖా పత్రాన్ని కూడా రిజిస్టరు చేయాల్సిందే. లక్షలు ఇచ్చి, నోటరీ ముద్ర చూసి తృప్తిపడితే, గొడవ వచ్చిన రోజు ఆ కాగితం బలం చాలదు. రిజిస్ట్రేషను ఖర్చు ఎక్కువని యజమాని సణుగుతాడు. సగం మీరే పెట్టుకోండి, పోయేది దానికంటే చాలా ఎక్కువ.

డబ్బు ఇచ్చే ముందు ఇంటి ఈసీ తీయించాలి. కావేరి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. లావాదేవీలుంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16 ఇస్తారు. ఒక్క మెలిక ఉంది. యజమాని దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో ఎప్పుడూ కనిపించాలని లేదు. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముతో వెతికించుకోవచ్చు. ముందే బ్యాంకు తనఖా ఉంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోగలదు, వెనక వచ్చిన మీరు మీ డబ్బుకు యజమాని వెంట తిరగాలి. ఖాతా ఎవరి పేరున ఉంది, కందాయం కట్టిన రసీదు ఏ ఏడాదిది, అన్నదమ్ముల భాగాలు తేలాయా అన్నవి కూడా చూడండి. పేటల్లో పాత ఇళ్లకు వారసులు ఎక్కువ. ఒక్కడు సంతకం పెడితే మిగిలిన నలుగురు ఒప్పుకోరు.

బాడుగకు ఉన్నవాళ్ల సంగతి వేరు. 1999 నాటి కర్ణాటక బాడుగ చట్టం బెంగళూరులో నెలకు 3,500 రూపాయలు మించిన ఇళ్లకు వర్తించదు. తాతల కాలం నుంచి తక్కువ బాడుగకు ఉన్నవాళ్లకు ఆ చట్టం కింద రక్షణ ఉంది, కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించలేరు. ఎక్కువ బాడుగవాళ్లకు నెలవారీ ఒప్పందమైతే 15 రోజుల నోటీసు చాలు. నోటీసు ఇచ్చాక కూడా సామాను బయట పడేయడం, కరెంటు తీసేయడం యజమాని చేతిలో పని కాదు, దానికీ కోర్టే. బాడుగను చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపండి. యజమాని చనిపోయి వారసులు వచ్చినప్పుడు మీరు ఎన్నేళ్లుగా ఉన్నారో చెప్పేది ఆ పద్దులే.

ఖాళీ చేయమన్న నోటీసు అందినవాళ్లు సంతకం పెట్టే ముందు తేదీ, వేళ కవరు మీదే రాసి పెట్టుకోండి. అడ్వాన్సు రసీదు, పాత ఒప్పందాలు, కరెంటు బిల్లులు, రేషను కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్టులో ఆ చిరునామా ఉన్న పేజీ, వీటి జిరాక్సులు రెండు సెట్లు తీసి, ఒక సెట్టు ఊళ్లో అన్నదమ్ముల ఇంట్లో పెట్టండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దు, మా సంఘానికి కూడా. మాకు జిరాక్సు తెస్తే చాలు.